ఫేడర్ (వెలుగు పెంచే, తగ్గించే స్లైడర్) ఎత్తినా లైటు వెలగట్లేదా? దించినా ఆరట్లేదా?

రిహార్సల్ మధ్యలో ఒక స్టేజీ లైటు మొండికేస్తే చాలామంది ముందు నిచ్చెన కోసం పరిగెడతారు. ఆ పని చేయకండి. ముందు కన్సోల్‌లో, అంటే లైట్లను నడిపే బోర్డులో, డీఎంఎక్స్ (కన్సోల్ నుంచి లైట్లకు వెళ్లే సంకేతం) అవుట్‌పుట్ స్క్రీన్ తెరవండి. ఆ లైటు అడ్రసు (డీఎంఎక్స్‌లో దాని నంబరు) దగ్గర సరైన అంకె ఉందా, కన్సోల్ తన పని తాను చేసినట్టే. లోపం కేబుల్లోనో లైటులోనో ఉంది. సున్నా ఉందా, లోపం కన్సోల్‌లోనే ఉంది, నిచ్చెన అక్కర్లేదు.

ఏ లైటూ వెలగడం లేదు
గ్రాండ్ మాస్టర్ (అన్ని లైట్లనూ కలిపి తగ్గించే ఫేడర్) కిందికి ఉండొచ్చు, లేదా బ్లాకవుట్ బటన్ (అన్నిటినీ ఒక్కసారే ఆర్పేది) నొక్కి ఉండొచ్చు. ఈ రెండూ చూడకుండా ఇంకేదీ ముట్టుకోవద్దు.

ఛానల్ ఫుల్‌లో ఉంది, అవుట్‌పుట్ మాత్రం సున్నా
ప్యాచ్ (కన్సోల్‌లోని ఏ ఛానల్ ఏ డీఎంఎక్స్ అడ్రసుకు వెళ్లాలో చెప్పే పట్టిక) చూడండి. ఆ ఛానల్‌కు అడ్రసు ఇవ్వలేదేమో, వేరే అడ్రసు ఇచ్చారేమో. ప్యాచ్ సరిగ్గానే ఉంటే ఆ అడ్రసును ఎవరైనా సున్నా దగ్గర పార్క్ చేసి (ఫేడర్లతో మారకుండా బిగించి) మరిచిపోయారేమో చూడండి.

ఫేడర్ పూర్తిగా దించినా లైటు ఆరదు
కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. కన్సోల్ చెడిపోలేదు. ఇంటెన్సిటీకి (వెలుగు స్థాయికి) సాధారణంగా హెచ్‌టీపీ పద్ధతి ఉంటుంది, అంటే వచ్చిన లెవల్స్‌లో పెద్దదే గెలుస్తుంది. ఛానల్ ఫేడర్ 40 శాతంలో, అదే ఛానల్ ఉన్న సబ్‌మాస్టర్ (కొన్ని ఛానళ్లను కలిపి నడిపే ఫేడర్) 60లో ఉంటే లైటు 60లో వెలుగుతుంది. ఫేడర్‌ను సున్నాకు తెచ్చినా 60లోనే నిలుస్తుంది. కాబట్టి సబ్‌మాస్టర్లను ఒక్కొక్కటిగా దించుతూ లైటును చూడండి. అయినా ఆరకపోతే నడుస్తున్న క్యూ (రికార్డ్ చేసిన లైటింగ్ దృశ్యం) నుంచో, ప్రోగ్రామర్‌లో (మీరు చేత్తో ఇచ్చిన విలువలు నిలిచే చోట) మిగిలిపోయిన విలువ నుంచో లెవల్ వస్తోంది. ప్రోగ్రామర్‌ను క్లియర్ చేయండి. దయచేసి ఈ వెతుకులాట ముగిసేదాకా ఏ క్యూనూ రికార్డ్ చేయకండి. పొరపాటు లెవల్ క్యూలోకి చేరిందంటే ప్రదర్శన మధ్యలో బయటపడుతుంది.

ఎల్‌ఈడీ లైటు రంగులన్నీ ఫుల్, అయినా చీకటే
దాని డిమ్మర్ ఛానల్ (మొత్తం వెలుగును నడిపేది) సున్నాలో ఉండొచ్చు, లేదా షట్టర్ మూసి ఉండొచ్చు.

తక్కువ లెవల్‌లో వెలుగు మెట్లుమెట్లుగా దూకుతోంది
ఒక డీఎంఎక్స్ ఛానల్‌కు 0 నుంచి 255 దాకా 256 మెట్లే. బల్బు ఫిలమెంట్ నెమ్మదిగా వేడెక్కి ఆ మెట్లను కప్పేస్తుంది. ఎల్‌ఈడీ వెంటనే స్పందిస్తుంది కాబట్టి అవి కంటికి కనిపిస్తాయి. లైటు మెనూలో డిమ్మర్ కర్వ్ మార్చి చూడండి, లేదా ఒక విలువకు రెండు ఛానళ్లు వాడే 16 బిట్ మోడ్‌లో పెట్టండి.

ఒక లైటు పెంచితే పక్క లైటు కూడా మారుతోంది
పైన చెప్పిన మోడ్ మార్పు తర్వాతే ఇది ఎక్కువగా మొదలవుతుంది. 1వ అడ్రసులో ఉన్న 8 ఛానళ్ల లైటు 8తో ముగుస్తుంది, తర్వాతిది 9లో ఉంటుంది. మోడ్ మార్చాక మొదటిది 9 ఛానళ్లు తీసుకుంటే 9వ అడ్రసులో రెండూ ఢీకొంటాయి. రెండోదాన్ని 10కి జరపండి, ప్యాచ్‌లోనూ మార్చండి. లైటు మీద మార్చి ప్యాచ్ వదిలేయడమే ఇక్కడ జరిగే తప్పు.

లెవల్ నిలకడగా ఉంది, లైట్లు మిణుకుమంటున్నాయి
ఇప్పుడు నిచ్చెన తెచ్చుకోండి. వరుసలో చివరి లైటుకు 120 ఓమ్‌ల టెర్మినేటర్ (సంకేతం వెనక్కి తిరిగి రాకుండా ఆపే ప్లగ్) పెట్టండి. మధ్యలో మైక్ కేబుల్ ఉంటే తీసేసి డీఎంఎక్స్ కేబుల్ వేయండి. అప్పటికీ ఆగకపోతే వరుసను సగానికి విడదీసి, టెర్మినేటర్‌ను అక్కడి చివరి లైటుకు మార్చి, మొదటి సగాన్ని ఒంటరిగా నడిపి చూడండి.