ప్రచారమా, వాదనా: తేల్చుకునే పద్ధతి

రాజకీయ ప్రసంగంలోనో వ్యాసంలోనో ఉన్న మాటలు నిజమా అబద్ధమా అని చూస్తే సరిపోదు, ఎందుకంటే ఆరితేరిన ప్రచారాన్ని తరచుగా నిజాలతోనే అల్లుతారు. ముందు చూడవలసింది, ఆ మాటను కాదనడానికి మనకు దారి ఉంచారా లేదా అన్నది. సహేతుకమైన వాదన తన అభిప్రాయాన్ని తేటగా చెప్పి, ఆధారం చూపి, ఏది రుజువైతే తాను వీగిపోతుందో కూడా తెలియనిస్తుంది. ప్రచారం మాత్రం మనం ఆలోచించేలోపే భయమో కోపమో రేపి, ఒప్పుకోనివారిని ద్రోహులుగా నిలబెడుతుంది.

కాబట్టి తిట్లను, పొగడ్తలను, నినాదాలను తీసేసి, మిగిలిన విషయాన్ని మీ సొంత మాటల్లో రెండు వాక్యాలుగా రాయండి. రాయడానికి ఏమీ మిగలకపోతే అక్కడ వాదన లేదన్నమాట. ఆవేశం ఉన్నంత మాత్రాన ప్రచారమని కొట్టిపారేయకూడదు. అన్యాయం గురించి ఆవేదనతో రాసినవారు కూడా పక్కా ఆధారాలు చూపవచ్చు.

1937లో న్యూయార్క్‌లో ఏర్పడిన ప్రచార విశ్లేషణ సంస్థ ఏడు ప్రచార పద్ధతులను గుర్తించింది. ముద్రలు వేయడం, అందరూ మావైపే ఉన్నారనడం వంటివి ఇట్టే పట్టుబడతాయి. అనుకూలమైన వాటినే ఏరి చూపడం అన్నిటికన్నా ప్రమాదకరమని నా అభిప్రాయం. "హత్యలు వంద శాతం పెరిగాయి" అన్న మాట, ఏడాదికి రెండు జరిగే ఊళ్లో నాలుగు జరిగినా అబద్ధం కాదు. అందుకే అసలు సంఖ్య ఎంత, ఏ ఏడాదితో పోల్చారు, అంతకుముందు పదేళ్లు ఎలా ఉండేది అని అడగాలి.

చెబుతున్నది ఎవరో కూడా విచారించాలి. 1990 అక్టోబరులో నయీరా అనే కువైట్ బాలిక, ఇరాక్ సైనికులు పసికందులను ఇంక్యుబేటర్లలోంచి తీసి నేల మీద వదిలేశారని అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఎదుట కన్నీళ్లతో చెప్పింది. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కూతురనీ, ఆ సాక్ష్యం వెనుక ఒక ప్రజాసంబంధాల సంస్థ ఉందనీ లోకానికి తెలిసేసరికి 1992 వచ్చింది. అప్పటికి, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్‌పై అమెరికా, దాని మిత్రదేశాలు చేసిన యుద్ధం ముగిసిపోయింది.

ఇక అన్నిటికన్నా కష్టమైన పరీక్ష మనకు నచ్చిన పక్షం మాటలకు పెట్టవలసినది. ఆ వాక్యంలో మనవారి పేరు తీసి ఎదుటిపక్షం పేరు పెట్టి చదవండి. అప్పుడు ఏ రుజువు అడగాలనిపిస్తుందో, ఆ రుజువునే మనవారిని కూడా అడగండి, అది దొరికేదాకా ఆ మాటను మరొకరికి పంపకండి.