సమతుల్యత, భాషా లోపాలపై అధ్యయనం: ప్రోటోకాల్ ఖరారు చేసే ముందు

సమతుల్యత లోపాలు, భాషా లోపాలు రెండింటినీ కలిపి పరిశీలించే అధ్యయనానికి ప్రోటోకాల్ (ఏ పరీక్ష ఎలా చేయాలో రాసుకునే ప్రణాళిక) ఖరారు చేసే ముందు ఈ కింది జాగ్రత్తలు చూసుకోండి. పిల్లలపై చేసే అధ్యయనాలకు ఇవి మరీ ముఖ్యం.

– వినికిడి పరీక్షను అధ్యయనంలో చేర్చుకునే రోజే చేయాలి. లోపలి చెవి దెబ్బతింటే సమతుల్యత, వినికిడి రెండూ తగ్గొచ్చు. వినికిడి తగ్గితే భాష వెనకబడొచ్చు. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల వద్ద ఆడియోమెట్రీ (ఎంత చిన్న శబ్దం వినిపిస్తుందో చూసే పరీక్ష), దాంతోపాటు టింపనోమెట్రీ (కర్ణభేరి, మధ్య చెవి పరీక్ష) లేకపోతే తర్వాత ఏ గణాంక పద్ధతీ కారణాలను విడదీయలేదు.

– సూచనలు చేసి చూపించండి. "కళ్లు మూసుకుని ఒంటికాలిపై నిలబడు" అన్నది అర్థంకాక తప్పిన పిల్లవాడికి సమతుల్యత లోపం అంటగట్టేస్తాం. ఒకసారి సాధన చేయించాకే స్కోరు వేయండి.

– మీ పరీక్షల్లో సర్వైకల్ వెంప్ (శబ్దం వినిపించి, లోపలి చెవిలోని సమతుల్యత భాగం స్పందనను మెడ కండరం నుంచి తరంగంగా నమోదు చేసే పరీక్ష) ఉందా? మధ్య చెవిలో నీరుంటే గాలి మార్గంలో పంపే శబ్దానికి స్పందన రాకపోవచ్చు. మెడ కండరం బిగింపునూ కొలవాలి. బిగింపు తగ్గితే తరంగమూ చిన్నదవుతుంది.

– మాట్లాడుతూ నిలబడే పరీక్షకు తోడు మౌనంగా నిలబడే విడత, అంకెలు వల్లించే విడత పెట్టండి. ఊపిరి, దవడ కదలికలూ ఒంటిని ఊపుతాయి. చాలామంది ఈ పోలిక విడతలనే వదిలేస్తారు.

– మత్తు కలిగించే మందులు, తలతిరుగుడు మందులు నమోదు చేయండి. ఆపాలా వద్దా అన్నది వైద్యుడే చెప్పాలి.

– ఇంట్లో రెండు భాషలుంటే రెండింటిలోనూ పరీక్షించండి.

– సమతుల్యత పరీక్ష కోసం ఫోమ్‌ (మెత్తటి దిండు)పై నిలబెట్టేటప్పుడు చేయి అందేంత దూరంలో ఒకరు ఉండాలి.