కాటా సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగులు నిలవకపోతే

"ఆయ్, నిన్న సాయంత్రం పెట్టిన తేమ శాతం పొద్దున్నకి లేదండి." కోతల రోజుల్లో తణుకు, ఉండి, మండపేట చుట్టుపక్కల మిల్లులకి సి భాషలో కాటా, బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్ళకి ఈ ఫోను కొత్తేం కాదు. ధాన్యం బస్తా 75 కిలోలని, తేమ 17 శాతం దాటితే హెచ్చరించమని, బిల్లు ఫలానా ప్రింటరుకి పంపమని గుమస్తా పెట్టుకున్నవన్నీ ఒక చిన్న ఫైల్లో ఉంటాయి. ఫోను రాగానే కోడ్ తెరవకండి. ఆ ఫైలు ఉందా, సైజెంత, ఆఖరుసారి మారిన తేదీ ఏది? ముందు ఈ మూడూ అడగండి. సగం గుట్టు అక్కడే తెలిసిపోతుంది.

ఫైలు ఉంది, సైజు సున్నా

కారణం: సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. ఫైలు తెరిచే ఎఫ్‌ఓపెన్‌ని రైట్ మోడ్‌లో పిలవగానే పాత ఫైలు ఖాళీ అయిపోతుంది. కొత్త వివరాలు ఇంకా డిస్కుదాకా రాలేదు. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ రాసింది ముందు సి లైబ్రరీ బఫర్లో (మెమరీలోని తాత్కాలిక చోటులో), తర్వాత ఆపరేటింగ్ సిస్టం దగ్గర ఆగుతుంది. ఈలోపు గాలివానకి లైను తెగితే పాతదీ పోయింది, కొత్తదీ లేదు. యూపీఎస్ కొనుక్కోమని ఓనరుగారికి చెప్పడం తేలికే గానీ, లోపం కోడ్‌లోనే ఉంది.

పరిష్కారం: అసలు ఫైలు జోలికి పోకుండా అదే ఫోల్డర్లో ఇంకో పేరుతో రాయాలి. బఫర్ని బయటికి తోసే ఎఫ్‌ఫ్లష్, తర్వాత డిస్కుదాకా రాయించే ఎఫ్‌సింక్, ఆపైన ఫైలు మూసే ఎఫ్‌క్లోజ్. మూడింటి రిటర్న్ విలువా చూడాలి. డిస్కు నిండిపోయిందన్న సంగతి బయటపడేది తరచూ అక్కడే. అన్నీ సవ్యంగా జరిగితేనే రీనేమ్‌తో దానికి అసలు పేరు పెట్టాలి. తాత్కాలిక ఫైలు వేరే డ్రైవులో ఉంటే రీనేమ్ నమ్మకంగా పనిచెయ్యదు, అందుకే అదే ఫోల్డరన్నది. లినక్స్‌లో ఈ మార్పిడి ఒక్క దెబ్బలో అయిపోతుంది: ఎవరు తెరిచినా పాత ఫైలో కొత్త ఫైలో దొరుకుతుంది తప్ప సగం రాసింది దొరకదు. విండోస్‌లో ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే రీనేమ్ ఒప్పుకోదు. అక్కడ మూవ్‌ఫైల్‌ఎక్స్‌కి, ఉన్నదాన్ని తీసేసి దీన్ని పెట్టమనే ఫ్లాగ్ ఇవ్వండి. పాతది రిమూవ్ చేసి ఆ తర్వాత రీనేమ్ చేసే కోడ్ అక్కడక్కడా కనిపిస్తుంది. ఆ రెండు లైన్ల మధ్య కరెంటు పోతే కథ మళ్ళీ మొదటికే.

ప్రోగ్రాం మూసేటప్పుడు నడిచే ఎట్‌ఎగ్జిట్‌లో మాత్రమే సేవ్ చేసే ప్రోగ్రాములు మరీ దారుణం. కరెంటు పోతే ఆ ఫంక్షన్‌ని పిలిచేవాడే ఉండడు. గుమస్తా 'సరే' నొక్కగానే రాసెయ్యాలి.

ఫైలు బాగానే ఉంది, తేదీ మాత్రం పాతది

అంటే ప్రోగ్రాం ఇంకెక్కడో రాస్తోంది. ఫోల్డరు చెప్పకుండా వట్టి ఫైలు పేరే ఇస్తే, ప్రోగ్రాం ఏ ఫోల్డర్నుంచి మొదలైతే అక్కడే వెతుక్కుంటుంది. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ మారితే చోటూ మారుతుంది. విండోస్‌లో మరో మెలిక ఉంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు యూజరు రాయలేడు. మ్యానిఫెస్ట్ (ఏ అనుమతులు కావాలో విండోస్‌కి చెప్పే వివరం) లేని పాత 32 బిట్ ప్రోగ్రాములు అక్కడ రాయబోతే, విస్టా నుంచీ విండోస్ చప్పుడు చెయ్యకుండా ఆ ఫైలుని ఆ యూజరు సొంత వర్చువల్‌స్టోర్ ఫోల్డర్లోకి మళ్ళిస్తుంది. ఓనరు లాగిన్‌లో తేమ 17, గుమస్తా లాగిన్‌లో 14 కనిపిస్తోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

అక్షరాల సైజు, రంగు లాంటివి మనిషి ఇష్టాలు. విండోస్‌లో యాప్‌డేటాలో, లినక్స్‌లో హోమ్ ఫోల్డరులోని కాన్ఫిగ్‌లో పెట్టండి. బస్తా బరువు, తేమ హద్దు మిల్లువి. వాటిని అందరికీ ఉమ్మడిగా ప్రోగ్రామ్‌డేటాలో ఉంచి, రాసే అనుమతి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఇవ్వాలి. రెంటినీ ఒకే ఫైల్లో కలపడం నాకు నచ్చదు.

కొత్త వెర్షన్ వేశాక అంకెలు పిచ్చెక్కాయి

సెట్టింగులన్నీ పట్టుకునే స్ట్రక్చర్‌ని ఎఫ్‌రైట్‌తో ఉన్నదున్నట్టు ఫైల్లోకి దించేసి ఉంటారు. మధ్యలో ఒక ఫీల్డు చేరిస్తే వెనకవన్నీ జరిగిపోతాయి. ఒక్కో లైనుకి పేరు, సమానం గుర్తు, విలువ ఉండే టెక్స్ట్ ఫైలుకి మారండి. చదవబోయే ముందు స్ట్రక్చర్‌ని డిఫాల్ట్ విలువలతో నింపండి. ఫైల్లో లేని సెట్టింగుకి అదే దిక్కు. టెక్స్ట్‌ని అంకెగా మార్చడానికి ఎటాయ్ వాడకండి, చెత్త వచ్చినా సున్నా అనేస్తుంది. దాని బదులు స్ట్రటాల్ వాడి బేస్ 10 అని ఇవ్వండి. బేస్ సున్నా ఇచ్చారా, ముందున్న సున్నాని చూసి ఎనిమిది లెక్కలో చదివి, 017 అని టైపు చేసిన తేమ 15 అయి కూర్చుంటుంది.

బిల్లు మీద మిల్లు పేరు తెగిపోతోంది

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ, పొల్లుకీ తలా మూడు బైట్లు. 'శ్రీ లక్ష్మీ' అన్నదానికే ఖాళీతో కలిపి 34 కావాలి. 32 బైట్ల ఎర్రేలోకి (పేరు దాచే చోటులోకి) ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో దించితే 'శ్రీ లక్ష్మ' మిగులుతుంది, దీర్ఘం పోతుంది. స్ట్రన్‌కాపీ అయితే ఆ దీర్ఘంలో ఒక్క బైటు మిగిల్చి, పేరు అయిపోయిందని చెప్పే చివరి సున్నా కూడా పెట్టదు. పక్క ఫీల్డులోని చెత్తంతా బిల్లు మీదికొస్తుంది. ఎర్రే 256 చెయ్యండి. అదీ దాటితే కత్తిరించకండి, పేరు పొడుగైందని గుమస్తాకే చెప్పండి.

చేత్తో దిద్దాక మొదటి సెట్టింగు ఒక్కటే పనిచెయ్యదు

పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్లు చేరుస్తుంది. అవి మొదటి సెట్టింగు పేరుకి అంటుకుంటాయి, కనిపిస్తే దాటెయ్యండి. పేరు సరిగ్గానే ఉన్నా ప్రింటరు దొరకలేదంటుంటే లైను చివరి గుర్తులు పేరుకి అంటుకుని ఉంటాయి. లైను చదివే ఎఫ్‌గెట్స్ అయ్యాక స్ట్రక్‌స్పన్‌తో ఆ చోటు పట్టుకుని సున్నా పెట్టెయ్యండి.