డ్యాష్‌క్యామ్‌ను ఫ్యూజ్ బాక్సుకు కలిపిన విధానం

ఇంజన్ ఆపగానే సిగరెట్ లైటర్ సాకెట్‌కు కరెంటు ఆగిపోవడం వల్ల, రాత్రివేళ వీధిలో నిలిపిన కారుకు డ్యాష్‌క్యామ్ (కారులో అమర్చే రికార్డింగ్ కెమెరా) కాపలా లేకుండా పోయేది. అందుకని కెమెరాను నేరుగా ఫ్యూజ్ బాక్సుకు కలిపి, 12 వోల్టులను 5 వోల్టులకు తగ్గించే హార్డ్‌వైర్ కిట్ తెచ్చి బిగించాను. నా కిట్‌లో పసుపు వైరును ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు, ఎరుపు వైరును తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు, నలుపు వైరును పెయింటు లేని లోహపు బోల్టుకు కలపాలి. ఏ ఫ్యూజు ఏ రకమో వోల్టేజీ కొలిచే మల్టీమీటరుతో తేల్చుకున్నాకే చేయి పెట్టాను. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) ఫ్యూజుల జోలికి ఎవరూ పోకూడదు.

అసలు కీలకం ఫ్యూజ్ ట్యాప్‌ను, అంటే పాత ఫ్యూజు చోట గుచ్చి, దానితో పాటు కెమెరాకు మరో ఫ్యూజు పెట్టుకునే ముక్కను, పెట్టే దిశలో ఉంది. ఫ్యూజు తీసేశాక కూడా మీటరులో కరెంటు చూపే పిన్ను వైపున ట్యాప్‌కు వైరు లేని కాలు రావాలి. అప్పుడే కెమెరా భారం పాత ఫ్యూజు మీద పడకుండా, దాని సొంత ఫ్యూజు గుండా పోతుంది.

ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్నందున, వైరును ఆ ఎయిర్‌బ్యాగు వెనుక నుంచి పోనిచ్చి, పాత తీగల కట్టకు జిప్ టైలతో బిగించాను. బ్యాటరీ 12.2 వోల్టులకు దిగితే కెమెరా దానంతటదే ఆగిపోయేలా కటాఫ్ పెట్టడంతో, కారు ఉదయాన్నే ఏ ఇబ్బందీ లేకుండా స్టార్టవుతోంది.