సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్‌ను జాగ్రత్తగా వాడటం ఎలా?

గడువు తీరిన సాఫ్ట్ లెన్స్ ఒకటి మీ దగ్గరుంటే అప్పుడే పారేయకండి. తుడిచిన స్టీలు పళ్లెంలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి అది కుంచించుకుపోయి, ఎండిన ఉల్లిపొరలా పెళుసుబారుతుంది. వేళ్ల మధ్య వంచితే విరిగిపోతుంది. నిన్న వేలి మీద మెత్తగా జారిన లెన్సే ఇది. పోయింది నీరు మాత్రమే.

ఆ లెన్స్ హైడ్రోజెల్‌తో చేసింది. సబ్జా గింజలు నానితే చుట్టూ కట్టే జిగురు పొర కూడా ఈ కోవదే. పాలిమర్ గొలుసులు, అంటే చిన్న అణువులు వరసగా కలిసి ఏర్పడిన పొడవైన గొలుసులు, అక్కడక్కడా ముడిపడి వలలా ఉంటాయి. ఆ వల నీటిని పట్టుకుంటుంది, నీటిలో కరగదు. దాని కంతలు కాంతి తరంగాలకన్నా చాలా చిన్నవి కాబట్టి వెలుగు చెదరకుండా దాటిపోతుంది. అందుకే అంత పారదర్శకత.

చెకోస్లోవేకియా శాస్త్రవేత్తలు ఒట్టో విఖ్‌టెర్లె, ద్రాహోస్లావ్ లీమ్ 1950లలో హెమా అనే రసాయనంతో ఇలాంటి జెల్ తయారుచేశారు. అందులో సుమారు 38 శాతం నీరే. 1961 క్రిస్మస్ రోజుల్లో విఖ్‌టెర్లె ప్రాగ్‌లోని తన ఇంట్లో, పిల్లల మెర్కుర్ ఆటసెట్టు ముక్కలకు సైకిల్ డైనమో జోడించి ఒక యంత్రం బిగించారు. గిర్రున తిరిగే చిన్న అచ్చులో ద్రవం అంచులకు పాకి, అలాగే గట్టిపడి లెన్స్ అయింది. వంటింటి బల్ల మీద అంత పని చేశారంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నీటిని పీల్చే వల, నీటిలో ఉన్నవాటిలో చాలావాటిని కూడా పట్టుకుంటుంది. కంటి పరీక్షలో నారింజ రంగు మందు వేసేముందు డాక్టర్ లెన్స్ తీయమనేది అందుకే, రంగు లెన్స్‌కి పట్టేస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింది జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు చేతులు సబ్బుతో కడిగి, నూగు రాలని గుడ్డతో పూర్తిగా తుడుచుకోండి. తలకు నూనె రాసిన చేయి, ఆవకాయ కలిపిన చేయి అయితే రెండుసార్లు కడగాలి. కాటుక పెట్టుకునేది లెన్స్ పెట్టుకున్నాకే.

లెన్స్‌ని చూపుడువేలి కొన మీద నిలబెట్టి పక్కనుంచి చూడండి. అంచు గిన్నెలా నిటారుగా ఉంటే సరైన వైపే. పళ్లెం అంచులా బయటికి విచ్చుకుంటే తిరగబడిందన్నమాట.

తీశాక అరచేతిలో పెట్టి, సొల్యూషన్ (లెన్స్ శుభ్రం చేసే ద్రవం) వేసి, వేలితో మెల్లగా రుద్ది, మళ్లీ సొల్యూషన్‌తోనే కడగండి. లెన్స్ దాచే డబ్బాలో మిగిలిన పాత సొల్యూషన్‌పై కొత్తది పోయకండి, పారబోసి పూర్తిగా కొత్తది నింపండి. ఖాళీ డబ్బానీ సొల్యూషన్‌తో కడిగి, బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకోసారి డబ్బా మార్చేయాలి.

నీళ్ల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. కుళాయి, బోరు, ఫిల్టర్, మినరల్ వాటర్, ఏదీ లెన్స్‌కి తగలకూడదు. నీళ్లలో బతికే అకాంథమీబా అనే సూక్ష్మజీవి లెన్స్ ద్వారా కార్నియాలోకి, అంటే కంటి ముందుభాగంలోని పారదర్శక పొరలోకి చేరితే భరించలేని నొప్పి, నెలల తరబడి చికిత్స, ఒక్కోసారి చూపే పోతుంది. స్నానానికి, ఈతకి, పుష్కరాల్లో మునకకి ముందు లెన్స్ తీసేయండి. ఉమ్మితో తడపడం అసలే వద్దు.

నిద్రకి ముందు కూడా తీయాలి. కార్నియాలో రక్తనాళాలుండవు, ఆక్సిజన్‌ను ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటుంది. 1990ల చివర్లో వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ పాతవాటికన్నా ఎక్కువ గాలి పోనిస్తుంది. అయినా డాక్టర్ చెప్పకుండా వాటితో పడుకోవద్దు.

కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, వెలుగు చూడలేకపోయినా, చూపు మసకబారినా వెంటనే లెన్స్ తీసేసి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో చుక్కలు కొని సరిపెట్టుకోవద్దు. తీసిన లెన్స్‌నీ డబ్బానీ కూడా తీసుకెళ్లండి. ఏ క్రిమి చేరిందో వాటిని పరీక్షిస్తే తెలియవచ్చు.