అమ్మ ఒక ఇంట్లో, నాన్న ఒక ఇంట్లో: క్రిస్మస్‌కు ముందు ఈ జాగ్రత్తలు

డిసెంబర్ 25 దగ్గరపడుతోంది. అమ్మానాన్నలు విడిగా ఉంటున్న తోబుట్టువులు ఈ వారంలోనే చూసుకోవాల్సినవి ఇవి.

• ఏ పూట ఎవరి దగ్గరో ఇద్దరికీ ఒకే మెసేజ్‌గా పంపండి. అమ్మతో ఒకటి, నాన్నతో ఇంకొకటి అంటే పండుగ పూట ఒకరు కంచాలు పెట్టుకుని గుమ్మం వంక చూస్తూ కూర్చుంటారు. ఆ బాధ ఏ గిఫ్టూ తీర్చలేదు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో కోర్టు ఉత్తర్వు ఉంటే, ముందు అందులోని తేదీలు చూడండి.

• రెండు ఇళ్లూ 25నే తిరగాలని పెట్టుకోకండి. చాలా చర్చిల సంప్రదాయంలో క్రిస్మస్ కాలం 12 రోజులు, జనవరి 5 దాకా ఉంటుంది. 27న ప్రశాంతంగా గడిపిన సాయంత్రమే నయం.

• గిఫ్టుల బడ్జెట్ అక్కతోనో తమ్ముడితోనో ముందే అనుకోండి. ఒకరు ఖరీదైనది, ఒకరు చిన్నది తెస్తే చిన్నది తెచ్చినవాళ్ల ముఖం వాడిపోతుంది. కలిపి కొనడం మేలు, కార్డు మీద ఇద్దరి పేర్లూ రాయండి.

• ధర చీటీ తీసేయండి.

• "మీ నాన్న ఏం ఇచ్చారు?" అని అమ్మ అడిగితే వస్తువు పేరు చెప్పండి, చాలు. ధర చెబితే పోలిక మొదలవుతుంది.

• ఒక ఇంటి ఫోటోలు రెండో ఇంటి సందడి అయ్యేదాకా గ్రూపులో పెట్టకండి. ఒంటరిగా ఉన్నవాళ్లకు అవి గుచ్చుకుంటాయి.