తొలకరికి ముందే కొబ్బరి మొవ్వును కాపాడుకోండి

రోహిణి ఎండలు చల్లబడి నాలుగు వానలు పడితే చాలు, కోనసీమ తోటల్లో కొమ్ము పురుగు రెక్క విప్పుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దాని ఉద్ధృతి ఎక్కువ. దాని వెనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది. మొదటిది మొవ్వు కొరికి దిగుబడి తగ్గిస్తుంది, రెండోది చెట్టునే చంపుతుంది. కాబట్టి పనులన్నీ మే నెలలోనే మొదలుపెట్టాలి. వానలు ముదిరాక పెంటపోగు తిరగేయడం ఎంత కష్టమో లంకల రైతులకు వేరే చెప్పాలా?

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. కొమ్ము పురుగు నల్లగా, బలిష్ఠంగా, తల మీద వెనక్కి వంగిన కొమ్ముతో ఉంటుంది. పెద్ద పురుగు రాత్రిళ్లు ఎగిరి వచ్చి, ఇంకా విచ్చుకోని మొవ్వాకును తొలిచి లోపలి రసం పీలుస్తుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది. ఎర్రముక్కు పురుగు ఇటుక రంగులో, ఛాతీ మీద నల్లని మచ్చలతో, ముందుకు సాగిన పొడవాటి ముక్కుతో ఉంటుంది. బియ్యంలో పట్టే ముక్కు పురుగు దీనికి దూరపు బంధువే. దీని విషయంలో నష్టమంతా పిల్ల పురుగు వల్లే. కాళ్లు లేని ఆ తెల్లని పురుగు మాను లోపలే ఉండి మెత్తని భాగాన్ని తింటుంది, చివరికి పీచుతో గూడు కట్టుకుని అందులోనే ప్యూపాగా మారుతుంది. పెంటలో గుండ్రంగా ముడుచుకుని ఉండే, కాళ్లున్న లావుపాటి పురుగు కనిపిస్తే అది కొమ్ము పురుగు పిల్ల.

ముందుగా చూడవలసింది పశువుల పాక వెనక ఉన్న పెంటపోగును. కొమ్ము పురుగు పుట్టేది చెట్టు మీద కాదు, ఆ పోగులోనే. కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో, చివికిన చెత్తలోనూ గుడ్లు పెడుతుంది. మేలో ఎరువంతా పొలానికి తోలేయండి. తోలలేకపోతే పోగును అడుగు దాకా తిరగేసి, పురుగులు ఏరి చంపండి. ఆ పని జరుగుతుండగా కోళ్లను వదిలితే సగం పని అవే చేస్తాయి. మిగిలిన ఎరువులో మెటారైజియం అనే పచ్చ శిలీంధ్రాన్ని కలపాలి. అది పిల్ల పురుగుల మీద పెరిగి వాటిని చంపుతుంది. తేమ ఉంటేనే పనిచేస్తుంది కాబట్టి ఎండిన పోగుపై చల్లి ఊరుకోకూడదు. దాన్ని ఎంత, ఎలా వాడాలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి. తుఫానుకు పడిన చెట్లను గట్టు మీద వదిలేసే అలవాటు మాత్రం మానాలి. 1996 నవంబరు తుఫాను చూసినవారికి ఎన్ని మానులు నేలకొరిగాయో గుర్తుండే ఉంటుంది. కుళ్లే ప్రతి మానూ ఈ పురుగుకు పురిటిల్లే.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది గాయం. ఎర్రముక్కు పురుగు గాయం నుంచి వచ్చే వాసనను పట్టి వచ్చి అక్కడే గుడ్లు పెడుతుంది. కొమ్ము పురుగు చేసిన రంధ్రం, చెట్టెక్కడానికి కత్తితో కొట్టిన మెట్టు, మొదలంటా నరికిన పచ్చి మట్ట, దున్నేటప్పుడు నాగలి తగిలిన చోటు, అన్నీ దానికి దారులే. దింపు కార్మికులకు ముందే చెప్పండి: మెట్లు కొట్టవద్దు, పచ్చి మట్ట నరకవలసి వస్తే మొదలు నుంచి నాలుగడుగులు వదలాలి. గాయమైతే అదే రోజు తారు గానీ, మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు గానీ పూయాలి. అయిదు నుంచి ఇరవై ఏళ్ల లోపు చెట్లకు ఈ ముప్పు ఎక్కువ. లేత తోటను మరింత కనిపెట్టుకుని ఉండాలి.

కొమ్ము పురుగు మొవ్వులో దూరకుండా, దింపు జరిగేటప్పుడే మొవ్వు చుట్టూ ఉన్న పై మూడు మట్టల మొదళ్లలో పావుకిలో వేపపిండిని ఇసుకతో కలిపి వేయించండి. చిన్న చెట్లకైతే కలరా ఉండలు మూడు నాలుగు పెట్టి పైన ఇసుక కప్పినా సరిపోతుంది. దాదాపు నెలన్నరకు అవి కరిగిపోతాయి, మళ్లీ పెట్టాలి. ఉండలు పిల్లలకు అందకుండా దాచండి. మొవ్వు దగ్గర నమిలిన పీచు బయటకు పొడుచుకొచ్చి కనిపిస్తే పురుగు లోపలే ఉందని అర్థం. ఇనుప కొక్కెంతో బయటకు లాగి చంపి, ఆ రంధ్రాన్ని కూడా వేపపిండి, ఇసుకతో మూయాలి.

ఎర్రముక్కు పురుగు పట్టిన చెట్టు చాలాకాలం పైకి బాగానే కనిపిస్తుంది. మాను మీద చిన్న రంధ్రం, దాని నుంచి కారి ఎండిన గోధుమరంగు జిగురు, పులిసిన వాసన, ఇవి తొలి గుర్తులు. ఉదయం సందడి లేని వేళ మానుకు చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. అక్కడితో ఆలస్యం చేయకండి. మానులోకి మందు ఎక్కించాలో లేదో ఉద్యాన అధికారి చూసి చెప్పాలి. ఎక్కించే ముందు బొండాలు, కాయలు అన్నీ దింపేయాలి. వారు చెప్పిన గడువు తీరేదాకా ఆ చెట్టు బొండం ఎవరికీ ఇవ్వకూడదు. మొవ్వు వాలిపోయిన చెట్టు ఇక బతకదు. దాన్ని నరికి, మానును నిలువునా చీల్చి, లోపలి పురుగులనూ పీచు గూళ్లనూ ఏరి కాల్చాలి. చీల్చకుండా పడేస్తే గూళ్లలోని పురుగులన్నీ పక్క తోటకు ఎగురుతాయి.

వాసనతో పురుగులను రప్పించి పట్టే ఎర బుట్టలు మంచివే గానీ ఒక్కరే పెడితే ఊళ్లో పురుగులన్నీ మీ తోటకే వస్తాయి. కొమ్ము పురుగుకు రెండు హెక్టార్లకు ఒక బుట్ట చాలు. చుట్టుపక్కల రైతులంతా ఒకేసారి పెట్టండి, లేత చెట్లకు దూరంగా కట్టండి, వారానికోసారి పురుగులు ఏరి చంపండి. ఎర్రముక్కు పురుగు బుట్టలో ఎరతో పాటు కల్లు గానీ పులిసిన పండు గానీ ఉంటే ఎక్కువ పడతాయి.

కొబ్బరిలో అరటి వేసినవారు దుంప తొలిచే ముక్కు పురుగును కూడా చూసుకోవాలి. ఇది వేరే జాతి, కొబ్బరి జోలికి రాదు. గెల కోసిన అరటి మానును నిలువుగా చీల్చి, కోసిన వైపు నేలకు ఆనేలా పరిస్తే రాత్రికి పురుగులు దాని కిందకు చేరతాయి, తెల్లవారి ఏరుకోవచ్చు. కొత్త పిలకలు తెచ్చేటప్పుడు దుంప చెక్కి చూడండి. సొరంగాలు కనిపించిన పిలకను తోటలోకి రానివ్వకండి.